సగం మాయమైన జ్ఞాపకం

ఆ ఉదయం టాంగా పట్టణంలో హిదాయా సెంబోజా ఇంటి మెట్లెక్కిన ఆడమనిషి చేతిలో రెండు చెప్పులూ ఉన్నాయి. ఒకదాని పట్టీ బస్సు దిగేటప్పుడు తెగింది. రెండోది ఎందుకు విప్పిందో ఆమెకే తెలియదు. వరండాలో కూర్చుని కర్రపెండలం ముక్కలు వేయించుకు తింటున్న హిదాయా సహాయకుడు అతుమానీ కిలువా ఆమెను చూడగానే పళ్ళెం పక్కకు జరిపాడు. పదకొండేళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాడు. మొహం చూసి మనిషి ఎక్కడ దిగుతుందో చెప్పగలడు. ఈ మనిషి ఏడుపు దగ్గర దిగబోతోందని అతనికి అర్థమైపోయింది.

"బీ హిదాయా అంటే మీరేనా?" అంది ఆమె, లోపలినుంచి వచ్చిన పెద్దావిడతో. బీ అంటే అక్కడ 'అమ్మగారు' అని.

"నేనే తల్లీ. ముందు కూర్చో. అతుమానీ, టీ పెట్టు. చక్కెర దండిగా వెయ్యి."

"నన్ను దొంగంటున్నారు బీ," అంటూనే భోరుమంది.

హిదాయా తొందరపెట్టలేదు. టాంగా రేవులో ఇరవై ఆరేళ్ళు కస్టమ్స్ ఉద్యోగం చేసిన మనిషి ఆమె. పెట్టె మీద రాసింది చదవడం ఉద్యోగం, పెట్టెలో ఉన్నది చూడటం తెలివి అనేది ఆమె మాట. పదవీ విరమణ తరువాత సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టి మూడేళ్ళయింది. ఈ తీరం పొడవునా ఆమెను మించిన బుర్ర లేదని అతుమానీకి గట్టి నమ్మకం. పందెం కాయమన్నా కాస్తాడు.

రెండు గుక్కల టీ లోపలికి పోయాక కథ బయటికొచ్చింది. ఆమె పేరు మ్వాంతుము ఎంబెల్వా. పంగానీ ఊళ్ళో, ఏటి ఒడ్డున ఉన్న పఠనాలయంలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. ఎక్కడో మంచు దేశంలో ఒక పళ్ళ డాక్టరు ఆసుపత్రిలో వాడి వదిలేసిన ఆరు పాత యంత్రాలను దాతలు రెండేళ్ళ కిందట పంపారు. ఒక్కోదానికి 512 మెగాబైట్ల జ్ఞాపకశక్తి అని జాబితాలో రాసి మరీ పంపారు. ఇప్పుడు ఇంకో ఆరు పంపుతామని, ముందు ఉన్నవాటిలో ఎంత జ్ఞాపకం ఉందో నింపి పంపమని ఒక ఫారం వచ్చింది.

"నేను మెషీన్లో చూసి 248 అని రాశాను బీ. ఆరింటికీ అంతే. మా అధ్యక్షుడు ముజే షెహోజా పాత జాబితా తీశాడు. అందులో 512 ఉంది. ఇంకేముంది, మిగతా సగం ఎవరికి అమ్మావంటూ మీద పడ్డాడు. సాయంత్రం నాలుగింటికి కమిటీ. ఉద్యోగం తీసేసి పోలీసులకు అప్పజెప్తాడట."

అతుమానీ నోటు పుస్తకం తీసి పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: కుంబుకుంబు పోయింది.

హిదాయా తొంగిచూసింది. "ఎవరిది, నీదా?"

"మెషీన్‌ది బీ! మెషీన్ మెమరీని కూడా కుంబుకుంబే అంటారుగా. మన భాషలో గుర్తున్నదీ కుంబుకుంబే, మీటింగులో రాసేదీ కుంబుకుంబే, బీరువాలో మగ్గే పాత కాగితమూ కుంబుకుంబే. నేనేం చెయ్యను?"

"సరే సరే, రాసుకో," అని ఆమె మ్వాంతుము వైపు తిరిగింది. "248 అని రాయమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మెషీన్ చూపించింది, నేను రాశాను."

"మెషీన్లు ఎప్పుడైనా మందగించాయా?"

"పది రోజుల కిందట మా పిన్ని పోతే ముహేజా వెళ్ళి మూడు రోజులున్నాను. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కో పేజీ తెరుచుకోవడానికి నీరసపడిపోతున్నాయి. ఉప్పుగాలి కొట్టిందేమో అనుకున్నా. ఆ మూడు రోజులూ గది తాళం అధ్యక్షుడి దగ్గరే ఉంది." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఉద్యోగం పోతే పోనివ్వండి బీ. చేపలు ఎండబెట్టుకునైనా ఇద్దరు పిల్లల్ని సాక్కుంటా. కానీ వాళ్ళని బళ్ళో దొంగ కూతుళ్ళు అంటే నేను భరించలేను."

హిదాయా లేచింది. "అతుమానీ, ఆమె చెప్పు కుట్టించు. పది గంటల బస్సుకి వెళ్తున్నాం."

*

పంగానీ పఠనాలయం గుమ్మంలోనే ముజే షెహోజా ఎదురయ్యాడు. డెబ్బై నాలుగేళ్ళ మాజీ హెడ్మాస్టరు, ఊరందరికీ 'ముజే', అంటే పెద్దాయన. ఇస్త్రీ నలగని తెల్లని కంజు, అదే మడమల దాకా ఉండే పొడుగు అంగీ, జేబులో రెండు పెన్నులు. మనిషి నిలువెత్తు నిక్కచ్చి.

"ఓహో! దొంగే డిటెక్టివ్‌ని వెంటేసుకొచ్చిందా? బాగుంది వరస!"

"షికమూ, ముజే," అంది హిదాయా తల వంచి.

పెద్దవాళ్ళకు పెట్టే దండం అది. కోపంలో ఉన్నాసరే బదులివ్వకుండా ఉండలేరు. "మరహబా," అన్నాడు ముజే అలవాటు కొద్దీ. ఆ ఒక్క మాటతో ఆయన కోపం సగం చల్లారింది. ఆమె ఎన్ని తాళాలు ఇలా తీసిందో అతుమానీకి లెక్కే లేదు.

"నాకు ఆమె మీద పగేం లేదమ్మా," అన్నాడు కుర్చీ చూపిస్తూ. "నిప్పు లేనిదే పొగ రాదు. పోయినవారం సంచీ పట్టుకుని రేవు దగ్గర రజబూ కొట్టులోకి వెళ్ళింది. వాడు కంప్యూటరు ముక్కలు కొనేవాడు. ఇంతకంటే ఏం కావాలి?"

"ఆమె ఊళ్ళో లేని మూడు రోజులూ గదిలోకి ఎవరొచ్చారు?"

"నేనుండగా ఎవరొస్తారు? మా ఫుండి కొంబో ఒక్కడే. రేడియోలు బాగుచేసే పనివాడు. రెండు వారాల కంప్యూటరు కోర్సు కూడా చేశాడు. నేనే పిలిపించాను. యంత్రాల నిండా ఆ పళ్ళ డాక్టరు ఉత్తరాలూ ఫొటోలూ ఉన్నాయి. పరాయివాళ్ళ సంగతులు మన పిల్లలు చదవడం ఏం మర్యాద? పాత కుంబుకుంబు తీసేసి భద్రపరచమని చీటీ రాసిచ్చాను. చెప్పింది చెప్పినట్టు చేశాడు, బంగారం లాంటి మనిషి. మర్నాడే చెల్లెలి పెళ్ళికని పెంబా దీవికి పడవెక్కాడు."

"ఆ చీటీ ఉందా?"

"వాడి దగ్గరే ఉంటుంది. నా దస్తూరీ ఎవరూ పారెయ్యరు."

ఆయన గోడ పక్క బీరువా తెరిచి, నిన్నటి సమావేశం రాసిన పుస్తకం తీశాడు. బీరువా తలుపు మీద తెల్ల రంగుతో 'కుంబుకుంబు' అని రాసి ఉంది. లోపల నలభై ఏళ్ళ మినిట్సు పుస్తకాలు సైజుల వారీగా నిలబడ్డాయి. వాటి పక్కన తాడు కట్టిన కాగితపు పొట్లం ఒకటి. హిదాయా కళ్ళు దాని మీద ఓ క్షణం ఆగి, ముందుకు వెళ్ళిపోయాయి. ముజే బీరువాకు మళ్ళీ తాళం వేసి, తాళంచెవి మెళ్ళో తగిలించుకున్నాడు.

ఆమె కంప్యూటర్ల గదిలోకి నడిచింది. "యంత్రాన్ని మూడుసార్లు అడగాలి అతుమానీ. ఒకసారి అడిగి ఊరుకుంటే సాక్షి ఎవరైనా అబద్ధం చెప్తాడు."

మొదటి ప్రశ్న మ్వాంతుము అడిగినదే. కంప్యూటరు వివరాల పేజీ తెరిస్తే 248. తెర నిండా తెల్లటి మంచులో బొచ్చుకుక్క ఒకటి నాలుక బయటపెట్టి కూర్చుని ఉంది. హిదాయా ఆ కుక్కను చాలాసేపు చూసింది. పక్కన డాక్టరు ఉత్తరాల పెట్టె తెరిచింది. వందల కొద్దీ ఉత్తరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

రెండో ప్రశ్నకు యంత్రాన్ని ఆపి మళ్ళీ వేసింది. నల్లటి తెర మీద అంకెలు గబగబా పరిగెత్తాయి. రెప్పపాటులో పోయేవే, కానీ ఆమె కీబోర్డు మూలన ఉన్న పాజ్ మీట నొక్కేసింది. అంకెలు ఎక్కడివక్కడ నిలిచాయి. 253952. దాని కింద, పంచుకున్నది 8192.

"దీన్ని 1024తో భాగించు," అంది.

అతుమానీ చెమటోడ్చి భాగించాడు. "మొదటిది 248, రెండోది 8. అంటే 256! అమ్మో, ఆ ఎనిమిది కూడా కొట్టేశారా?"

"అది దొంగతనం కాదురా బాబూ. తెర మీద బొమ్మ చూపించడానికి యంత్రమే తన జ్ఞాపకంలోంచి కాస్త పక్కకు తీసుకుంటుంది. పిండిమరవాడు తీసుకునే గుప్పెడు పిండి లాంటిది. లోపల ఉన్నది 256. ఇక మూడో ప్రశ్న పెట్టెనే అడుగుదాం."

పెట్టె విప్పారు. లోపలంతా బూజు. జ్ఞాపకం పలకలు పెట్టే గాడులు రెండున్నాయి. ఒకదాంట్లో పలక ఉంది, రెండోది ఖాళీ. ఉన్న పలక చీటీ మీద 2004 అని ఉంది. ఆమె దాన్ని మెల్లగా ఊడదీసి వెలుతురులో పట్టుకుంది. అడుగున పసుపుపచ్చని పళ్ళు తళతళలాడుతున్నాయి. గాడి మొదట్లో నీలం రంగు పొడి, పెన్సిలు రబ్బరు రాలినట్టు.

ఆరు పెట్టెలూ విప్పారు. ఆరింట్లోనూ అదే 2004 పలక, అదే ఖాళీ గాడి, అదే నీలం పొడి. ఒక్క మర కూడా తక్కువ కాలేదు.

"ఇంత శుభ్రంగా దొంగతనం చేసేవాణ్ణి నేను ఇరవై ఆరేళ్ళలో చూడలేదు," అంది హిదాయా. ఆమె మొహం మీద చిన్న నవ్వు మెరిసింది. అతుమానీకి మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. అడిగితే చెప్పదనీ తెలుసు.

రజబూ కొట్టు ఏటి రేవు పక్కనే. అతను వీళ్ళని చూస్తూనే రెండు చేతులూ ఎత్తేశాడు. "మ్వాంతుము నా కొట్టుకి వచ్చింది, నిజమే! సంచీలో కీబోర్డు తెచ్చింది. ఒక అక్షరం ఊడిపోతే పెట్టిచ్చాను. అంతే! నా కొట్టంతా వెతుక్కోండి."

"వెతకనులే నాయనా. ఒక్కటి చెప్పు. 2004 కంటే పాత 256 పలక తెస్తే కొంటావా?"

"ఊరికే ఇచ్చినా ఆలోచిస్తాను బీ. సగం బోర్డులు దాన్ని చూడనే చూడవు. 2004ది ఉందా? అయితే ఇప్పుడే ఇవ్వండి, మళ్ళీ వస్తానని వెళ్ళొద్దు!"

"నాలుగింటికి పఠనాలయానికి రా," అంది హిదాయా. తరువాత పడవ రేవు మెట్ల మీద కూర్చుని అరగంట సేపు కొబ్బరినీళ్ళు తాగింది.

*

నాలుగు గంటలకు ఏడుగురు కమిటీ సభ్యులూ కూర్చున్నారు. వెనక బల్ల మీద రజబూ. ఒక మూలన మ్వాంతుము నేల చూపులు చూస్తోంది. ముజే షెహోజా పుస్తకం తెరిచి నిన్నటి కుంబుకుంబు చదివాడు. 'గది సంరక్షకురాలు మ్వాంతుము ఎంబెల్వా యంత్రాల జ్ఞాపకశక్తిలో సగం దొంగిలించినట్టు సభ భావిస్తున్నది.' ఆ గుండ్రటి దస్తూరీలో తన పేరు వినబడగానే మ్వాంతుము మొహం కొంగులో దాచుకుంది. అతుమానీకి ముజే మీద ఒళ్ళు మండింది.

హిదాయా లేచి నిలబడింది.

"ముందు ఎవరు దొంగ కాదో చెప్తాను. ఈ 248 అనే అంకె ముజేకి ఎవరిచ్చారు? మ్వాంతుమే. సగం అమ్ముకున్న మనిషి తన దొంగతనాన్ని తన చేత్తోనే ఫారంలో రాసి అధ్యక్షుడి చేతిలో పెడుతుందా? 512 అని రాసేస్తే ఈ ఊళ్ళో కనిపెట్టేవాళ్ళెవరు?"

సభ్యుల్లో ఒకావిడ, చేపల బేరం చేసే మనిషి, "అదీ నిజమే కదా" అని పైకే అనేసింది.

"ఇక రజబూ. అతనికి పనికొచ్చేవి 2004 పలకలు. పోయినవి పాతవి. బియ్యం బస్తా వదిలేసి ఊక మూట ఎత్తుకెళ్ళే దొంగ ఉంటాడా? పైగా వదిలిన పలకల పళ్ళు రబ్బరుతో తోమి, ఏ మర ఆ చోటే బిగించాడు. దొంగ అయితే తోమడు. ఈ పని చేసినవాడు తన పనిని ప్రేమించే పనివాడు."

"మరి కొంబోనే అంటారా?" ముజే గొంతు లేచింది. "వాడు మీటలు నొక్కి పాత కాగితాలు తీశాడు, అంతే! వాడి నిజాయితీకి నేను పూచీ!"

"పాత కాగితాలు తీశాడా? ఇలా రండి ముజే."

ఆమె మొదటి యంత్రం వేసింది. మంచులో కుక్క నాలుక బయటపెట్టి కూర్చుంది. డాక్టరు ఉత్తరాలు వరసగా తెరుచుకున్నాయి. ముజే కళ్ళద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

"ఇవి... ఇవన్నీ తీసేశాడు కదా?"

"తీయలేదు. మరి ఏం తీశాడు? అతుమానీ, పెంబాకి ఫోను కలుపు. బయటికి వినబడేలా పెట్టు."

రెండుసార్లు తెగి మూడోసారి కలిసింది. అవతల పెళ్ళి డప్పులు ఇంకా ఆగినట్టు లేవు.

"ఫుండి కొంబో, నేను పంగానీ పఠనాలయం నుంచి మాట్లాడుతున్నా. ముజే ఇచ్చిన చీటీ నీ దగ్గరుందా?"

"జేబులోనే ఉంది! ముజే చేతిరాత ఎలా పారేస్తాను? చదవనా? 'యంత్రాల్లో ఉన్న పాత కుంబుకుంబు తీసి, జాగ్రత్తగా కట్టి, కుంబుకుంబు బీరువాలో పెట్టు.' అలాగే చేశానుగా! ఒక్కోదాంట్లో రెండు కుంబుకుంబులున్నాయి. పాతది తీశా, కొత్తది ఉంచా. ఉన్నదాని పళ్ళు రబ్బరుతో తోమా కూడా! కోర్సు పుస్తకం పన్నెండో పేజీలో ఎలా ఉందో అలాగే చేశా. ఏం, ముజేకి నచ్చలేదా?"

సభ్యులందరి తలలూ బీరువా వైపు తిరిగాయి.

"బాగా చేశావు నాయనా," అంది హిదాయా. "పెళ్ళి కానియ్యి." ఫోను పెట్టేసి ముజే వైపు చూసింది. ఆయన చెయ్యి మెళ్ళో తాళంచెవి మీద బిగుసుకుపోయింది.

"బీరువా తెరవండి ముజే. ఆ పొట్లంలో ఏముందని మీరనుకున్నారు?"

"పాత ఉత్తరాలు అచ్చు తీసి కట్టాడనుకున్నా," అన్నాడాయన. తాళంచెవి తీసి బీరువా తెరిచాడు. "విప్పి చూడలేదు."

పొట్లం విప్పారు. పాత వార్తాపత్రిక ముక్కల్లో చుట్టిన ఆరు పలకలు. ఒక్కోదాని మీద పెన్సిలుతో యంత్రం నంబరు. చీటీల మీద 2001.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారు కదయ్యా!" అంది చేపలావిడ. ఎవరో కిసుక్కుమన్నారు. రజబూ పగలబడి నవ్వాడు. అంత భయం దిగిపోయాక అతనికి నవ్వు ఆగలేదు.

ముజే నవ్వలేదు. కుర్చీలో కూలబడి మ్వాంతుమును చూశాడు. "నలభై ఏళ్ళు పిల్లలకి భాష చెప్పినవాణ్ణి," అన్నాడు. "ఒక్క మాట సరిగ్గా రాయలేక నిన్ను దొంగని చేశాను తల్లీ. నన్ను క్షమించు."

మ్వాంతుము కొంగు నడుముకు బిగించింది. లేచి ఆ పలకలు తీసుకుంది. ఒక్కో పలకా టక్కుమని గాడిలో కూర్చుంది. ఆరోది కూర్చున్నాక మొదటి యంత్రం మీట నొక్కింది. అంకెలు పరిగెత్తుతుంటే సభ్యులందరూ తెర చుట్టూ మూగారు. అతుమానీ పాజ్ మీట మీద వేలు పెట్టుకుని, బస్సు ఆపినట్టు ఆపాడు. 516096.

"భాగించు!" అన్నారు నలుగురు.

"504!" అని అరిచాడు.

"అయ్యో, ఇంకా ఎనిమిది తక్కువుంది!" అన్నాడు ఒక సభ్యుడు గుండె పట్టుకుని.

"పిండిమరవాడి గుప్పెడు పెద్దాయనా!" అని అతుమానీ గర్వంగా విడమర్చి చెప్పాడు, ఆ సంగతి పుట్టినప్పుడే తెలిసినట్టు. హిదాయా చూసీ చూడనట్టు ఊరుకుంది.

ముజే షెహోజా అప్పటికే పుస్తకం ముందేసుకున్నాడు. నిన్నటి పేజీ అంచు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"చింపకండి ముజే," అంది మ్వాంతుము.

ఆ గొంతు విని అందరూ తిరిగారు. పొద్దుటినుంచీ వంగి ఉన్న మనిషి నిటారుగా నిలబడి ఉంది.

"నీ మీద రాసింది తప్పు తల్లీ. ఇది ఉండకూడదు."

"పాత కుంబుకుంబు తీసేస్తే ఏమవుతుందో చూశాం కదా? అదక్కడే ఉండనివ్వండి. పక్కనే కొత్తది పెట్టండి."

ముజే ఆమెను చూశాడు. తల వంచి పెన్ను మూత తీశాడు. ఎప్పుడూ రాసే గుండ్రటి దస్తూరీలోనే, ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి చేసి రాసి, పైకి చదివాడు.

'మ్వాంతుము ఎంబెల్వా దొంగ కాదు. తప్పు అధ్యక్షుడి చీటీది. యంత్రాల జ్ఞాపకం ఆరింటికీ పూర్తిగా ఉన్నది. రాబోయే ఆరు యంత్రాలూ ఆమె చేతికే.'

"సంతకం?" అంది మ్వాంతుము.

ఆయన సంతకం పెట్టాడు. ఆమె పుస్తకం తన వైపు తిప్పుకుని, తన పేరు ఉన్న చోట వేలు పెట్టి మెల్లగా ఇంకోసారి చదువుకుంది. తరువాత దాన్ని తనే తీసుకెళ్ళి బీరువాలో పెట్టింది.